తింటే తగ్గే నొప్పి

కడుపునొప్పి తిన్నాక వస్తుందని అందరూ అంటారు. నాది తింటే తగ్గేది. బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద, ఒక్క వేలితో చూపించగలిగినంత చోట పట్టుకునేది. అర్ధరాత్రి దాటాక నిద్రలోంచి లేపేది. లేచి రెండు బిస్కెట్లు తిని గ్లాసుడు నీళ్ళు తాగితే కాసేపటికి సర్దుకునేది. పొద్దున్న చద్దన్నం తిన్నాక ఇబ్బంది ఉండేది కాదు. పదకొండు దాటేసరికి మళ్ళీ మొదలు.

నేను ఆమదాలవలస దగ్గర ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాను. ధాన్యం సేకరణ రోజుల్లో ట్రక్ షీట్లు, తేమ శాతం మీద రైతులతో వాదనలు, గోనెసంచుల లెక్కలు తెమిలేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. వేళకు తినకపోవడం వల్లే వచ్చిందని మిల్లులో అందరూ తేల్చేశారు. ఇంట్లో మా అత్తయ్యగారు ఆవ పెట్టిన పనసపొట్టు కూరను తప్పుపట్టారు. మందుల షాపు అబ్బాయి ఏ కారణమూ వెతకలేదు, పాంటాప్రజోల్ అనే గ్యాసు మాత్రల షీటు ఒకటి చేతిలో పెట్టాడు.

ఆ మాత్ర చక్కగా పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. వేసుకున్నన్నాళ్ళూ నొప్పి ఉండేది కాదు, ఆపిన కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చేది. ఏడాదంతా ఇదే వరస. మెట్లెక్కితే ఆయాసం కూడా తోడయ్యాక మావారు పట్టుబట్టి శ్రీకాకుళం తీసుకెళ్ళారు.

జీర్ణకోశ వైద్యుడు మొదట అడిగింది నొప్పి సంగతి కాదు. ‘మోకాళ్ళకో, తలకో నొప్పి మాత్రలు వాడుతున్నారా అమ్మా?’ అన్నారు. మా పుట్టిల్లు కవిటి వైపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బును చూస్తూ పెరిగినవాళ్ళం మేము. ఆ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు గానీ, నొప్పి మాత్ర పేరెత్తితే మా అమ్మ ఇప్పటికీ ఊరుకోదు. లేదని చెప్పాను. ఆయన తలూపారు. జీర్ణకోశంలో పడే పుండ్లకు పెద్ద కారణాలు రెండేనట. ఒకటి ఆ మాత్రలు. అవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని అడ్డుకుంటాయి. నొప్పి తగ్గేది అందువల్లే, కడుపు గోడకు కాపలా తగ్గిపోయేదీ అందువల్లే. రెండోది ఒక బ్యాక్టీరియా. దాని పేరు అప్పుడే చెప్పలేదు.

తర్వాత ప్రశ్నలు వరసగా వచ్చాయి. బరువు తగ్గారా? ముద్ద మింగడం కష్టంగా ఉందా? వాంతిలో రక్తం పడిందా? మలం నల్లగా, జిగటగా వస్తోందా? ఈ నాలుగింటిలో ఏది ఉన్నా మాత్రలతో కాలక్షేపం చేయకూడదని గట్టిగానే అన్నారు. మలం రంగు గురించి నేను సరిగ్గా చెప్పలేకపోయాను, ఎవరు చూసుకుంటారు! రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గర ఆగింది. ఇక ఎండోస్కోపీ చేసి తీరాలన్నారు. అయితే వెంటనే కాదు. ఆ బ్యాక్టీరియా ఉందో లేదో పరీక్షలో తేలాలంటే గ్యాసు మాత్ర ఆపి రెండు వారాలు గడవాలి. మాత్ర నడుస్తుంటే అది అణిగిపోయి, ఉండి కూడా లేనట్టే కనిపిస్తుందట. అంతవరకూ నొప్పి వస్తే పుదీనా రుచి ఉండే తెల్లటి సిరప్ తాగమన్నారు. అది తయారైన ఆమ్లాన్ని అక్కడికక్కడ విరిచేస్తుంది గానీ, తయారీని ఆపదు.

నేను ఇంటర్‌లో బైపీసీ చదివాను. జీర్ణవ్యవస్థ పటం గీసి భాగాలు గుర్తించమంటే పూర్తి మార్కులే తెచ్చుకున్నాను. కానీ ఆ పాఠం నా ఒంట్లో నడవడం ఈ రెండు వారాల్లోనే చూశాను. అత్తయ్యగారు ఇంగువ తాలింపు వేస్తే చాలు, నోట్లో నీళ్ళూరడంతో పాటు కడుపులోనూ కదలిక తెలిసేది. అన్నం నోటికి చేరకముందే మెదడు నుంచి వేగస్ నాడి కబురు దింపుతుంది, కడుపు ఆమ్లాన్ని ఊరించడం మొదలుపెడుతుంది. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది ఈ జీర్ణరసాల పరిశోధనకే. కుక్కలు, గంట కథ ఎక్కువ ప్రచారం కావడంతో ఆ సంగతి వెనకబడిపోయింది.

కడుపులోకి ముద్ద చేరాక రెండో విడత. కడుపు సాగినందుకు, మాంసకృత్తులు తగిలినందుకు కింది భాగంలోని కణాలు గాస్ట్రిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. అది వెళ్ళి మరికొన్ని కణాలచేత హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుంది. నాడి నుంచి ఒకటి, గాస్ట్రిన్ ఒకటి, హిస్టమిన్ ఒకటి, ఈ మూడు ఆదేశాలూ చేరేది ఒకే రకం కణాల దగ్గరకు. వాటిని పెరైటల్ కణాలంటారు. హైడ్రోక్లోరికామ్లం చేసేవి అవే.

వాటి గోడలో ఒక పంపు ఉంది. పొటాషియం అయానును లోపలికి లాగి, దానికి బదులు హైడ్రోజన్ అయానును బయటకు నెడుతుంది. రక్తంలో ఉన్నదానికన్నా పది లక్షల రెట్లకు మించిన గాఢతలోకి నెట్టాలి, కాబట్టి దానికి శక్తి చాలా కావాలి. ఆ శక్తి ఏటీపీ నుంచి వస్తుంది, కణాలకు ఇంధనంలా పనిచేసే పదార్థం అది. కండరాల్లో ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో గుర్తించిన ఇద్దరిలో ఒకరు సైరస్ ఫిస్క్, రెండోవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు పోయింది స్ప్రూ అనే పేగుల జబ్బుతోనేనని ఎప్పుడో చదివాను. తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బు అది. నేను మింగిన పాంటాప్రజోల్ ఈ పంపుకే అతుక్కుని దాన్ని పనిచేయనివ్వదు. పంపు నడుస్తున్నప్పుడే అతుక్కోగలదు కాబట్టి, భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. తిన్నాక వేసుకుంటే సగం వృథా. షీటు మీద ఈ ముక్క ఎవరూ రాసి ఇవ్వరు.

ఇలా రోజుకు సుమారు రెండు లీటర్ల జఠరరసం ఊరుతుంది. దాన్ని శత్రువుగా చూడటం నాకు అప్పటినుంచే మానేయాలనిపించింది. ఆ ఆమ్లం లేకపోతే పెప్సినోజెన్ పెప్సిన్‌గా మారదు, పప్పులోని మాంసకృత్తులు కడుపులో విడిపోవు. నీళ్ళతోనూ తిండితోనూ వచ్చిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని చంపేది అదే. ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టడానికీ అది కావాలి. బి12 విటమిన్ ఒంట పట్టడానికి అవసరమైన పదార్థాన్ని చేసేది కూడా ఆ పెరైటల్ కణాలే. మాంసాన్ని అరిగించే రసం కడుపునే ఎందుకు అరిగించదు? లోపలి గోడ మీద చిక్కటి శ్లేష్మం పొర, దాని అడుగున బైకార్బొనేట్ ఉంటాయి. లోపల పోసి ఉన్న రసం ఎంత ఘాటుగా ఉన్నా, గోడను ఆనుకున్న చోట మాత్రం దాదాపు ఆమ్లమే ఉండదు. పైపొర కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. గోడ బాగున్నంతకాలం ఆమ్లంతో పేచీ లేదు. పుండు పడిందంటే గోడకేదో అయిందని అర్థం. ఏడాదిగా నేను వేసుకున్న మాత్ర గోడ సంగతే పట్టించుకోలేదు.

ఆ రెండు వారాల్లో రాత్రిళ్ళు మాత్రం దుర్భరంగా గడిచాయి. సిరప్ సీసా తలగడ పక్కనే ఉండేది.

ఎండోస్కోపీకి ముందురోజు రాత్రి ఎనిమిదికి తిని, ఆ తర్వాత ఏమీ ముట్టలేదు. కడుపు ఖాళీగా ఉండాలి. ద్రవాలు త్వరగానే దాటిపోతాయి గానీ, గట్టి ఆహారం కడుపు వదలడానికి నాలుగు గంటల దాకా పడుతుంది, నూనె ఎక్కువైతే ఇంకా ఆలస్యం. నా ముందు వరసలో ఉన్న ఒకాయన పొద్దున్నే ఉప్మా తిని వచ్చారు. నర్సు ఆయన్ని వెనక్కి పంపించేసింది. ‘ఒక్క ముద్దేనమ్మా’ అని ఆయన ఎంత బతిమాలినా వినలేదు.

నా వంతు వచ్చాక మత్తు ఇమ్మంటారా, గొంతుకు స్ప్రే సరిపోతుందా అని అడిగారు. మత్తు ఇస్తే ఆ రోజంతా పనులు ఆగిపోతాయి, స్ప్రే చాలన్నాను. గొంతులో కొట్టిన మందు చేదుగా ఉంది. నిమిషంలో నాలుక మందమైంది, మింగుదామంటే గొంతు ఉందో లేదో తెలియలేదు. అందరికీ భయం పుట్టించేది ఈ ఘట్టమే. ఊపిరి అందదేమో అనిపిస్తుంది. గాలి వెళ్ళే దారి వేరు, గొట్టం వెళ్ళే దారి వేరు. ముక్కుతో నిదానంగా గాలి పీలుస్తూ ఉండమని నర్సు చెవిలో చెబుతూనే ఉంది.

ఎడమవైపు తిప్పి పడుకోబెట్టారు. పళ్ళ మధ్య ప్లాస్టిక్ కడియం బిగించారు, నేను పొరపాటున గొట్టాన్ని కొరక్కుండా. చెంప కింద ఒక ట్రే. గొట్టం చిటికెన వేలంత లావు, కొసన దీపం, కెమెరా. ‘మింగండి’ అన్నప్పుడు మింగాను. ఒక్కసారి పెద్ద డోకు వచ్చింది. కళ్ళ నుంచీ ముక్కు నుంచీ నీళ్ళు, నోటి చివరి నుంచి చొంగ. సిగ్గుపడే తీరిక కూడా ఉండదు. గొంతు దాటాక మాత్రం నేననుకున్నంత ఇబ్బంది లేదు. నొప్పి లేదు, లోపల ఏదో కదులుతున్న తెలివిడి మాత్రమే ఉంది.

తెర నా కళ్ళ ఎదురుగానే ఉంది. డాక్టరు గారు చెప్పుకుంటూ పోయారు. ఆహారవాహిక లేత గులాబీ రంగులో నున్నగా ఉంది, పాతిక సెంటీమీటర్ల పొడవు. అది ముగిసే చోట వంకరటింకర గీత, అక్కడినుంచి ఎరుపు. ఆ గీత దాటితే కడుపు. లోపలికి గాలి ఊదగానే ముడుచుకుని ఉన్న మడతలన్నీ విచ్చుకున్నాయి, నాకు పొట్ట ఉబ్బరించింది. తేన్పును ఆపుకోమన్నారు, ఆగుతుందా! అడుగున కాస్త తేటగా రసం నిలిచి ఉంది. రెండు లీటర్ల లెక్కలు చదివి ఏదో ఊహించుకున్నాను, చూడటానికి అది మామూలు నీళ్ళలాగే ఉంది.

అప్పుడు సెయింట్ మార్టిన్ అనే కూలీ గుర్తొచ్చాడు. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో తుపాకీ పేలి అతని కడుపుకు చిల్లు పడింది. మనిషి బతికాడు గానీ చిల్లు పూడలేదు. వైద్యం చేసిన బోమాంట్ అనే సైనిక వైద్యుడు మాంసం ముక్కలను పట్టుదారానికి కట్టి ఆ చిల్లులోంచి లోపలికి వదిలి, కాసేపయ్యాక బయటకు లాగి ఎంత అరిగిందో చూసేవాడు. ఏళ్ళ తరబడి అదే పని. 1833లో ఆ పరిశీలనలన్నీ అచ్చువేశాడు. కోపం వస్తే కడుపు లోపలి తీరు మారుతుందని కూడా రాశాడు. శాస్త్రానికి మేలు జరిగింది, నిజమే. ఆ పేద కూలీ ఎన్నిసార్లు విసిగి పారిపోవాలనుకున్నాడో నాకు ఆ బల్ల మీద అర్థమైంది.

కడుపు చివర ఒక గుండ్రటి ద్వారం మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపించింది. అది సంవరిణీ కండరం. గొట్టం దాన్ని దాటి ఆంత్రమూలంలోకి, అంటే చిన్నపేగు మొదటి భాగంలోకి వెళ్ళగానే డాక్టరు గారి మాట ఆగింది. తెల్లటి అడుగుతో, చుట్టూ ఎర్రగా వాచిన అంచుతో ఒక గుంట. సెంటీమీటరు కూడా లేదు. ‘ఇదిగోనమ్మా, మిమ్మల్ని రాత్రిళ్ళు లేపుతున్నది’ అన్నారు. ఆ క్షణంలో భయం కన్నా కోపమే వచ్చింది నాకు. ఇంత చిన్నదా!

తిరిగి వచ్చేటప్పుడు కడుపు కింది భాగం నుంచి రెండు చిన్న ముక్కలు తుంచారు. తుంచినట్టు తెలియనే లేదు. కోతకు నొప్పి తెలిపే నాడులు ఆ పొరలో లేవట. నర్సు ఒక ముక్కను పసుపుపచ్చటి జిగురు ఉన్న చిన్న గుంటలో పెట్టింది. గొంతుకు తిమ్మిరి వదిలేదాకా నీళ్ళు తాగవద్దని నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తాగితే ఊపిరి దారిలోకి పోతుందని. తిమ్మిరి ఇంకా వదలకముందే ఆ పసుపు రంగు గులాబీగా మారిపోయింది. తెచ్చి చూపించారు.

దాని పేరు హెలికోబాక్టర్ పైలోరై. యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విరిచి అమ్మోనియా చేస్తుంది. ఆమ్లంలో బతికే ఉపాయం అదే, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని ఆ అమ్మోనియాతో విరిచేసుకుంటుంది. ఆ జిగురులోనూ యూరియా ఉంటుంది కాబట్టి, అమ్మోనియా పుట్టగానే రంగు మారుతుంది.

పుండ్లకు మూలం మానసిక ఒత్తిడి, కారం, ఆమ్లం అనే నమ్మకం వైద్యుల్లో కూడా 1980ల దాకా గట్టిగానే ఉంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో ఈ బ్యాక్టీరియాను పెంచి చూపించినా చాలామంది ఒప్పుకోలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రావణాన్ని తానే తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు పట్టుకున్నాయి, ఎండోస్కోపీలో కడుపు గోడ వాచి కనిపించింది. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. ప్రపంచంలో సుమారు సగం మంది కడుపుల్లో ఇది ఉంటుంది, ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ళ నుంచి చేరుతుంది, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. ఆ సగంలో బాధపడే కొద్దిమందిలో నేను చేరాను.

అయితే బ్యాక్టీరియా ఉన్నది కడుపులో, పుండు పడింది ఆంత్రమూలంలో. ఇదేమిటని అడిగాను. కడుపు కింది భాగంలో అది చేరితే గాస్ట్రిన్ అదుపు తప్పుతుంది, అవసరానికి మించి ఆమ్లం ఊరుతుంది. మామూలుగా కడుపు నుంచి దిగిన ఆమ్లాన్ని ఆంత్రమూలం దగ్గర క్లోమరసంలోని బైకార్బొనేట్ విరిచేస్తుంది. నా విషయంలో ఆ విరుగుడు చాలలేదు. తిన్నప్పుడు అన్నం ఆమ్లాన్ని పీల్చుకుని, ద్వారం మూసుకుని ఉండేది. రెండు మూడు గంటలకు కడుపు ఖాళీ అవుతుంటే ఆమ్లం నేరుగా పుండు మీదకు దిగేది. రాత్రి పొద్దుపోయాక అన్నం లేకుండానే ఆమ్లం ఎక్కువ ఊరే వేళ. బిస్కెట్ల రహస్యం ఇంతే. ఆవ కూర నిరపరాధి అని తేలింది. ఆ మాట మా అత్తయ్యగారి ముందు చెప్పమని డాక్టరు గారిని అడిగాను కూడా. కారం పుండు పుట్టించదు గానీ పుండు ఉన్నప్పుడు మంట పెంచుతుందని, మానేదాకా తగ్గించమని ఇద్దరికీ కలిసొచ్చేలా చెప్పారు.

మందులు రెండు వారాలు. పంపు ఆపే మాత్ర, బిస్మత్, వాటితో టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ అనే రెండు యాంటీబయాటిక్స్. నోట్లో ఎప్పుడూ ఇనుము చప్పరిస్తున్న రుచి. నాలుక నల్లబడింది, మలమూ నల్లబడింది. బిస్మత్ వల్ల అలా అవుతుందని ముందే చెప్పకపోయి ఉంటే హడలిపోయేదాన్నే. పాల దగ్గర ఇంట్లో పెద్ద రగడ జరిగింది. కడుపులో పుండంటే పాలు తాగాలన్నది అత్తయ్యగారి లెక్క, పొద్దున్నే గ్లాసు నిండా తెచ్చేవారు. పాలలోని కాల్షియం టెట్రాసైక్లిన్‌ను పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. పైగా పాలు కాసేపు హాయినిచ్చినా, ఆ తర్వాత ఆమ్లాన్ని ఇంకా ఊరిస్తాయి. ఐరన్ మాత్రకూ ఇదే ఇబ్బంది కాబట్టి దాన్ని పుండు మందులు అయ్యాక మొదలుపెట్టాం. చివరికి పాలు మా పాప తాగింది. నాకు ఉప్పు వేసిన చోడి అంబలి ఇచ్చారు, అదీ మాత్రలకు ఎడంగా. ఒకటి రెండు రోజులు వాంతి వచ్చేట్టుండి మధ్యలో ఆపేద్దామనిపించింది. సగంలో ఆపితే మిగిలిన బ్యాక్టీరియా మందులకు మొండికేస్తుందని, రెండోసారి వైద్యం ఇంకా కష్టమని మావారు గుర్తుచేస్తూ వచ్చారు.

పుండు మానడం కోసం పంపు మాత్రను మరికొన్ని వారాలు పొడిగించారు. అది ఆపిన వారంలో మంట మళ్ళీ వచ్చింది, ప్రాణం ఉసూరుమంది. ఫోను చేస్తే కంగారు పడవద్దన్నారు. ఇన్నాళ్ళూ ఆమ్లం తగ్గిందని ఒళ్ళు గాస్ట్రిన్‌ను పెంచుకుని కూర్చుంటుంది, మాత్ర తీసేయగానే కొన్నాళ్ళు ఆమ్లం ఎక్కువే ఊరుతుంది. వెనకటి ఏడాదిలో మాత్ర ఆపినప్పుడల్లా తిరగబెట్టిన మంటలో కొంత దీనిదే అయి ఉంటుంది. సిరప్‌తో నెట్టుకొచ్చాను, తగ్గింది.

బ్యాక్టీరియా పోయిందో లేదో చూడటానికి యాంటీబయాటిక్స్ అయ్యాక కనీసం నాలుగు వారాలు, పంపు మాత్ర ఆపాక రెండు వారాలు ఆగాలి. మళ్ళీ గొట్టం వేయలేదు. మలపరీక్షకు నమూనా విశాఖపట్నం వెళ్ళింది, లేదని రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ ఐరన్ మాత్రలతో మెల్లగా పదకొండు దాటింది.

పనసపొట్టు మళ్ళీ వండుకుంటున్నాం. ఆలస్యంగా తిని వెంటనే పడుకున్న రాత్రి పుల్లటి తేన్పులు వస్తాయి, గొంతు దాకా మంట పాకుతుంది. ఇది వేరే సంగతి. ఆహారవాహిక అడుగున ఉండే కండరం వదులైతే రసం పైకి ఎగదన్నుతుంది. పడుకునే ముందు మూడు గంటలు ఎడం ఇచ్చి, ఎడమవైపు తిరిగి పడుకుంటే చాలావరకు రాదు. మిల్లులో లారీలు నిలిచిపోయిన రోజున ఆ మూడు గంటలు దొరకవు, ఆ రోజుకు సిరప్ ఉంది.